చెవి దగ్గర విద్యుత్ ప్రేరణతో మా అమ్మాయి నిస్సత్తువ తగ్గుతుందా? వేగస్ నాడి చికిత్స గురించి సలహా కావాలి

ప్రశ్న: చిత్తూరు నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. నేను చిత్తూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా అమ్మాయికి 25 ఏళ్ళు. తిరుపతిలో ఎం.ఎస్సీ. చదువుతున్న రోజుల్లో, అంటే రెండున్నరేళ్ళ క్రితం, ఆమెకు వారం రోజుల పాటు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ మనిషి మాత్రం తిరిగి లేవలేదు. అంతకు ముందు ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ మాకంటే ముందే ఎక్కి కొండ మీద మా కోసం ఎదురుచూసే పిల్ల, ఇప్పుడు తల స్నానం చేస్తే ఆ రోజంతా మంచం మీదే ఉండవలసి వస్తోంది. ఒక పూట కాస్త బాగుందని వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తే, ఆ మరునాటి నుంచి రెండు మూడు రోజులు ఒళ్ళంతా నొప్పులు, గొంతు మంట, వెలుతురు కూడా భరించలేని తలనొప్పి వస్తాయి. నిలబడితే గుండె దడదడ కొట్టుకుంటుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఎంత నిద్రపోయినా నిద్రపోయినట్టే ఉండదని చెబుతుంది.

రక్త పరీక్షలు, థైరాయిడ్, బి12, ఐరన్ నిల్వలు, క్షయ, గుండె స్కానింగ్ అన్నీ చేయించాము. అన్నీ బాగానే ఉన్నాయని చెప్పారు. ఒక వైద్యుడు ఇది మానసిక బలహీనత అన్నారు, ఇంకొకరు పెళ్ళి చేస్తే సర్దుకుంటుందన్నారు. చివరకు ఒక నరాల వైద్యుడు (న్యూరాలజిస్టు) ఓపికగా గంటసేపు విని, ఇది మయాల్జిక్ ఎన్సెఫలోమయలైటిస్ లేదా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు కావచ్చునని, దీని మూలం ఇంకా పూర్తిగా తెలియదని చెప్పారు. జబ్బుకు ఒక పేరు దొరికిందన్న ఊరటతోనే ఆ రోజు మా అమ్మాయి ఏడ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తిరుపతిలోని ఒక ప్రైవేటు కేంద్రం వారు చెవికి క్లిప్పు తగిలించి వేగస్ నాడికి విద్యుత్ ప్రేరణ ఇస్తే ఈ జబ్బు మూడు నెలల్లో పూర్తిగా నయమవుతుందని, యంత్రం కొనుక్కుంటే 45,000 రూపాయలవుతుందని అంటున్నారు. పదవ కపాల నాడి అయిన ఈ వేగస్ గురించి ప్రతి సంవత్సరం పిల్లలకు పాఠం చెబుతాను కాబట్టి ఆ నాడి గొప్పతనం నాకు తెలియనిది కాదు, అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను. మా ఆవిడ తన గాజులు కుదువ పెట్టడానికి కూడా సిద్ధంగా ఉంది. ఈ చికిత్సకు నిజంగా ఆధారం ఉందా? ఉంటే ఎంత వరకు ఉంది? ఈలోగా రోజూ సాయంత్రం ఆమెను బలవంతంగానైనా నడిపిస్తున్నాను, అది సరైనదేనా అన్నది కూడా తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: తిరుపతి నుంచి ఒక విశ్రాంత వైద్యుడు

మాస్టారూ, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఈ సాయంత్రమే అవసరం. ఆ నడక ఆపండి. శ్రమ చేసిన మరునాడో, ఆ పై రోజో లక్షణాలన్నీ ఒక్కసారిగా పెరగడమే ఈ జబ్బుకు ముఖ్య గుర్తు అని 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక స్పష్టం చేసింది. క్రమంగా వ్యాయామం పెంచుతూ పోయే పద్ధతిని ఈ రోగులకు ఇవ్వకూడదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది. వాకిలి ఊడ్చిన తర్వాత మీ అమ్మాయి పడిన బాధ బద్ధకం వల్ల వచ్చినది కాదు, ఆమె శరీరం తన హద్దు దాటినందువల్ల వచ్చినది. శక్తి ఎంత ఉందో అంతలోనే పనులు సర్దుకోవడం, ఒంట్లో బాగున్న రోజున కూడా పూర్తిగా ఖర్చు పెట్టకపోవడం అన్నదే ప్రస్తుతానికి మన చేతిలో ఉన్న అన్నిటికంటే నమ్మదగిన ఉపాయం.

ఇక వేగస్ నాడి. ఇది మెదడు కాండం నుంచి బయలుదేరి మెడ మీదుగా గుండెకు, ఊపిరితిత్తులకు, పేగులకు తిరుగుతూ వెళుతుంది. దాని పేరుకు లాటిన్‌లో అర్థం కూడా తిరుగాడేది అనే. మనం పాఠాల్లో మెదడు నుంచి గుండెకు ఆజ్ఞలు మోసే నాడిగా చెబుతాము కానీ, దానిలోని తంతువుల్లో సుమారు 80 శాతం శరీరం నుంచి మెదడుకు కబుర్లు చేరవేసేవే. 1921లో ఆటో లోయివీ కప్ప గుండె మీద ఈ నాడిని ప్రేరేపించి, గుండె నెమ్మదించడానికి కారణం ఒక రసాయనమని చూపాడు. అదే ఎసిటైల్ కోలిన్. ఆ తర్వాత 2000లో న్యూయార్క్‌లో కెవిన్ ట్రేసీ బృందం, బ్యాక్టీరియా విషం ఎక్కించిన ఎలుకల్లో ఈ నాడిని ప్రేరేపిస్తే ఒంట్లో మంటను (ఇన్‌ఫ్లమేషన్) రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ తగ్గుతుందని కనుగొన్నది. అంటే మెదడు ఈ నాడి ద్వారా రోగనిరోధక వ్యవస్థను కూడా అదుపు చేస్తుందన్నమాట. నేను వైద్యం చదివిన రోజుల్లో ఈ మాట ఎవరైనా అంటే ఆశ్చర్యపోయేవాళ్ళం.

మీ అమ్మాయి జబ్బుకు దీనితో సంబంధం ఏమిటంటే, 2013లో మైకేల్ వాన్ ఎల్జాకర్ అనే పరిశోధకుడు ఒక ఊహను ప్రతిపాదించాడు. వేగస్ నాడిలోనో, దాని కణుపుల్లోనో ఎక్కడో చిన్న వైరస్ ఇన్ఫెక్షన్ మిగిలిపోతే, దాని చుట్టూ నాడీకణాలకు తోడుగా ఉండే గ్లియా కణాలు ఉత్తేజితమై, ఒళ్ళంతా జ్వరంతో ఉన్నదన్న తప్పుడు కబురును ఆ నాడి మెదడుకు నిరంతరం పంపుతూ ఉండవచ్చునని, ఆ ఇన్ఫెక్షన్ చాలా చిన్నది కాబట్టి మామూలు రక్త పరీక్షల్లో కనబడదని అతని వాదం. వినడానికి చాలా పొందికగా ఉంది. జ్వరం తర్వాత మొదలైన జబ్బుకు, బాగానే ఉన్న రిపోర్టులకు, జ్వరం లేని జ్వరపు నలతకు ఒకే చోట సమాధానం దొరుకుతుంది. కానీ అది ఇప్పటికీ ఊహే, నిరూపణ కాదు. పైగా ఆ ఊహ నిజమే అయినా, తప్పుడు కబురు పంపుతున్న నాడిని ప్రేరేపిస్తే మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. ఈ తేడాను అమ్మేవారు చెప్పరు.

ఏ జబ్బులకు ఈ చికిత్స నిలదొక్కుకుందో చెబితే మీకు పోలిక తెలుస్తుంది. ఛాతీలో చర్మం కింద చిన్న యంత్రం అమర్చి, మెడలో ఎడమ వైపు నాడికి తీగ చుట్టే పద్ధతికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో మందులకు లొంగని మూర్ఛకు, 2005లో మందులకు లొంగని డిప్రెషన్‌కు అనుమతి ఇచ్చింది. 2021లో పక్షవాతం తర్వాత చేతి కదలికల శిక్షణకు, 2025 జూలైలో మెడలోనే అమర్చే వేరే చిన్న పరికరానికి రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే కీళ్ళ జబ్బుకు కూడా ఇచ్చింది. ఆపరేషన్ లేకుండా మెడ మీద పెట్టుకునే పరికరానికి క్లస్టర్ తలనొప్పికి, మైగ్రేన్‌కు అనుమతులు ఉన్నాయి. ఈ జాబితాలో మీ అమ్మాయి జబ్బు లేదు. కోవిడ్ తర్వాతి దీర్ఘకాల నిస్సత్తువలో చెవి ప్రేరణను ఇంట్లోనే వాడి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2022లో వచ్చింది. అందులో పాల్గొన్నవారు 13 మంది. కొందరిలో మానసిక అలసట కొంత తగ్గినట్టు కనబడింది. పదమూడు మందిని బట్టి మనం ఒక దారిని అనుమానించగలమే తప్ప, మూడు నెలల్లో నయమవుతుందని ఎవరికీ హామీ ఇవ్వలేము.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ రోగులు ఇలాంటి ఆశతో ఒకసారి ఇప్పటికే దెబ్బతిన్నారు. నార్వేలో ఇద్దరు క్యాన్సర్ వైద్యులు రిటుక్సిమాబ్ అనే మందును 30 మంది మీద పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. మందు తీసుకున్న 15 మందిలో 10 మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్న 15 మందిలో ఇద్దరికి మాత్రమే మెరుగైంది. ప్రపంచంలోని రోగులందరూ ఆ మందు కోసం ఎదురుచూశారు. ఆ వైద్యులే నిజాయితీగా 151 మందితో పెద్ద పరీక్ష జరిపితే, 2019లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఈ జబ్బు తనంతట తానే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఆశ కూడా కొంతకాలం మనిషిని నిలబెడుతుంది, అందుకే ఉత్తుత్తి చికిత్సతో పోల్చకుండా ఏ మాటా నమ్మలేము.

అయితే ఒక విషయం నన్ను ఆలోచింపజేసింది. నిలబడితే గుండె దడ, కళ్ళు బైర్లు కమ్మడం అన్నారు. దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. అమ్మాయిని పది నిమిషాలు పడుకోబెట్టి నాడి వేగం (అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో), రక్తపోటు రాసుకోండి. తర్వాత గోడకు వీపు ఆనించి నిలబెట్టి, పది నిమిషాల పాటు నిమిషానికొకసారి రెండూ రాయండి. పక్కనే ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి, సొమ్మసిల్లేటట్టు అనిపిస్తే వెంటనే కూర్చోబెట్టాలి. రక్తపోటు పెద్దగా పడిపోకుండా నాడి వేగం పడుకున్నప్పటి కంటే నిమిషానికి 30 లేదా అంతకు మించి పెరిగితే ఇక్కడ మళ్ళీ రాయండి.

జవాబు: పుత్తూరు నుంచి, ఇదే జబ్బుతో ఉన్న ఒక ఆమె

అన్నయ్యగారూ, నాకు ఇప్పుడు 38 ఏళ్ళు, జబ్బు మొదలై తొమ్మిదేళ్ళయింది. మీ అమ్మాయి గురించి చదువుతుంటే నా మొదటి మూడేళ్ళు కళ్ళముందుకు వచ్చాయి. నేను చెవి ప్రేరణ వాడి చూశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నేను కేంద్రాల్లో అమ్మేది కొనలేదు. వేలూరులో నన్ను చూసే వైద్యుడి అనుమతితో, ఆయన చెప్పిన మోతాదులోనే, ఎడమ చెవికి క్లిప్పు పెట్టుకుని మొదటి వారం రోజుకు ఐదు నిమిషాలు, ఆ తర్వాత మెల్లగా అరగంట వరకు నాలుగు నెలల పాటు వాడాను.

మొదటి వారంలో నాకు తలతిరుగుడు పెరిగింది. కరెంటు కొంచెం ఎక్కువ పెట్టిన రోజున వాకిలి ఊడ్చినంత అలసట వచ్చింది, దానికి రెండు రోజులు మంచం పట్టాను. ఆ తర్వాత తగ్గించి వాడాక కడుపు ఉబ్బరం, వికారం బాగా తగ్గాయి, రాత్రి నిద్ర కొంచెం లోతుగా పట్టింది. కానీ శ్రమ చేస్తే కూలిపోవడం అన్న అసలు బాధలో వీసమెత్తు మార్పు రాలేదు. ఆ కాలంలోనే నేను పని తగ్గించుకోవడం, మధ్యాహ్నం చీకటి గదిలో పడుకోవడం కూడా మొదలుపెట్టాను కాబట్టి, ఏది దేని వల్ల వచ్చిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నాలుగు నెలల తర్వాత ఆపేస్తే పెద్ద తేడా ఏమీ తెలియలేదు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. మీ ఇంట్లో గాజులు కుదువ పెడితే, ఆ యంత్రం పని చేయకపోయినా పని చేస్తోందని మీ అమ్మాయి చెబుతుంది. నేను అలాగే చెప్పాను. నా కోసం మా నాన్న రెండు కుంటల మామిడి తోట అమ్మి ఒక చికిత్స చేయించినప్పుడు, ఆయన ముఖం చూసి ఆరు నెలలు బాగుంది అని అబద్ధం చెప్పాను. ఆయన పోయేవరకు నిజం చెప్పలేకపోయాను. దయచేసి ఆ బరువు ఆమె మీద పెట్టకండి. జుట్టు దువ్వుకునే ఓపిక లేని రోజున అమ్మ వచ్చి మాట్లాడకుండా దువ్వి వెళ్ళడం నాకు అన్ని మందుల కంటే ఎక్కువ పని చేసింది.

జవాబు: తిరుపతి నుంచి ఒక బయోమెడికల్ ఇంజనీరు

వైద్య విషయం పెద్దలు చెప్పారు కాబట్టి నేను యంత్రం గురించి మాత్రమే రాస్తాను. చెవిలో పుల్ల పెట్టినప్పుడు కొందరికి ఉన్నట్టుండి పొడి దగ్గు వస్తుంది, గమనించే ఉంటారు. వేగస్ నాడి కొమ్మ ఒకటి చెవి దాకా రావడమే దానికి కారణం. చర్మం పైకి ఆ నాడి దగ్గరగా వచ్చే చోటు అది కాబట్టే ఆపరేషన్ లేకుండా అక్కడ ప్రేరణ ఇస్తారు. అయితే చెవిలో అన్ని చోట్లా ఆ కొమ్మ ఉండదు. 2002లో ఏడు మృతదేహాల చెవులను కోసి చూసిన ఒక అధ్యయనంలో, చెవి డిప్ప లోపలి పై గుంటలో అన్నిటిలోనూ ఈ కొమ్మ మాత్రమే కనబడింది, చెవి రంధ్రం ముందు ఉండే చిన్న మెత్తటి ఎముక దగ్గర 45 శాతంలోనే కనబడింది. కమ్మలు పెట్టుకునే చెవి తమ్మెకు ఇది రాదు, అందుకే పరిశోధనల్లో ఉత్తుత్తి ప్రేరణను తమ్మెకు ఇస్తారు. మీకు చూపించిన యంత్రం క్లిప్పు తమ్మెకు తగిలిస్తుంటే, మీరు 45,000 రూపాయలు పెట్టి ఉత్తుత్తి చికిత్సను కొంటున్నట్టే.

ఫిజియోథెరపీలో నొప్పులకు వాడే టెన్స్ యంత్రానికీ దీనికీ లోపల పెద్ద తేడా ఉండదు. పరిశోధనల్లో సాధారణంగా సెకనుకు 20 నుంచి 25 సార్లు, ప్రతిసారీ సెకనులో పదివేల వంతుల్లో రెండు మూడు వంతుల పాటు, చురుక్కుమనే స్థాయికి కొంచెం తక్కువలో కరెంటు ఇస్తారు. గోడ ప్లగ్గుకు కలిపి ఉన్నప్పుడు ఏ యంత్రాన్నీ ఒంటికి తగిలించకూడదు, బ్యాటరీ మీదే నడవాలి. మెడకు రెండు వైపులా ఎలక్ట్రోడులు పెట్టడం, ఒకటి చెవికి ఇంకొకటి ఛాతీకి పెట్టడం ప్రమాదం. పేస్‌మేకర్ వంటివి ఉన్నవారు, గుండె లయలో తేడా ఉన్నవారు, గర్భిణులు వైద్యుడు చెప్పకుండా దీన్ని ముట్టుకోకూడదు. మన దేశంలో వైద్య పరికరాలన్నీ 2020 ఏప్రిల్ 1 నుంచి ఔషధ చట్టం కిందకు వచ్చాయి కాబట్టి, డబ్బా మీద తయారీ లైసెన్సు లేదా దిగుమతి లైసెన్సు సంఖ్య ఉండాలి. అది ఏ జబ్బుకు అనుమతి పొందిందో కూడా అడగండి. మసాజ్ యంత్రంగా అమ్మేదాన్ని నాడీ చికిత్స అని చెప్పడం నేను కళ్ళారా చూశాను.

ప్రశ్న అడిగిన తండ్రి మళ్ళీ రాసినది, పది రోజుల తర్వాత

మీ అందరికీ నా కృతజ్ఞతలు. నడక ఆ రోజే ఆపేశాను. రెండేళ్ళు నా బిడ్డను నేనే ఇంకా జబ్బు పరిచానేమోనన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు. పరీక్ష మూడు వేర్వేరు ఉదయాలు చేశాము. పడుకున్నప్పుడు నాడి 74, 72, 76 ఉంది. నిలబడిన పదో నిమిషంలో 112, 109, 118కి చేరింది. రక్తపోటు పెద్దగా మారలేదు. మూడో రోజున ఎనిమిదో నిమిషానికే పాదాలు ఊదారంగుకు తిరిగాయి. ఆ కేంద్రం వారిని క్లిప్పు ఎక్కడ పెడతారని అడిగితే తమ్మెను చూపించారు. లైసెన్సు సంఖ్య అడిగాక నా ఫోను తీయడం మానేశారు.

జవాబు: విశ్రాంత వైద్యుడు

మాస్టారూ, మీరు చేసినది తెలియక చేసినది, తెలిసిన రోజునే ఆపారు. వైద్యులమే చాలామందిమి ఇదే సలహా ఇచ్చి ఉన్నాము.

మీరు రాసిన అంకెలను బట్టి ఆమెకు పాట్స్ అనే స్థితి కూడా ఉండవచ్చు. నిలబడిన పది నిమిషాల్లో నాడి 30 లేదా అంతకు మించి పెరుగుతూ, రక్తపోటు పడిపోకుండా ఉండడమే దాని లక్షణం. ఈ అంకెలు రాసిన పుస్తకాన్ని తీసుకుని తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో, వేలూరు సీఎంసీలోనో గుండె వైద్యుడికి చూపించండి. నీళ్ళు, ఉప్పు పెంచడం, కాళ్ళకు బిగుతైన సాక్సులు వేయడం, నాడి వేగాన్ని తగ్గించే మందులు అన్నవి ఆయన చూసి చెబుతారు. ఉప్పు మజ్జిగ మన ఇళ్ళలో ఉండేదే కానీ, వైద్యుడు సరేనన్నాకే మోతాదు పెంచండి. ఇక్కడ కొంత సాయం దొరికితే అసలు జబ్బు పోకపోయినా రోజు గడవడం తేలికవుతుంది.

వేగస్ ప్రేరణకు ఈ విషయంలో కొంచెం గట్టి ఆధారం ఉంది. పాట్స్ ఉన్న 26 మంది మీద ఓక్లహోమాలో జరిగిన పరీక్ష 2024లో ప్రచురితమైంది. రోజుకు గంట చొప్పున రెండు నెలలు, సగం మందికి చెవి రంధ్రం ముందరి మెత్తటి ఎముక దగ్గర, మిగతా సగం మందికి తమ్మె దగ్గర ప్రేరణ ఇచ్చారు. రెండు నెలల తర్వాత నిలబడినప్పుడు నాడి పెరుగుదల మొదటి గుంపులో సగటున 18 దగ్గర, రెండో గుంపులో 32 దగ్గర ఉంది. చిన్న పరీక్షే అయినా ఉత్తుత్తి ప్రేరణతో పోల్చి చూసినది కాబట్టి దీన్ని నేను గౌరవిస్తాను. కాబట్టి నా సలహా మారింది. ముందు పాట్స్‌కు మామూలు వైద్యం జరగనివ్వండి. అది చాలకపోతే అదే గుండె వైద్యుడిని చెవి ప్రేరణ గురించి అడగండి. మన దేశంలో జరిగే పరీక్షలన్నీ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదవుతాయి, ఎవరైనా వెతికి చూడవచ్చు. అలాంటి పరీక్షలో చేరితే తెలుగులో రాసిన సమ్మతి పత్రం ఇవ్వాలి, హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి. పరిశోధన అంటూనే పరికరానికి డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

ఆ తండ్రి కుమార్తె రాసినది

నమస్కారం. నాన్న ఫోనులో ఈ మాటలన్నీ రోజుకు కొంచెం చొప్పున నాలుగు రోజులు చదివాను. పుత్తూరు అక్కా, మీరు రాసినది చదివి అమ్మకు నేను కూడా ఒక నిజం చెప్పాను. పోయిన ఏడాది చేయించిన చికిత్స వల్ల బాగుందని నేను చెప్పినది నిజం కాదని. అమ్మ ఏమీ అనలేదు, గాజులు మళ్ళీ వేసుకుంది.

వేలూరులో వచ్చే నెల 9వ తేదీకి అపాయింట్‌మెంట్ దొరికింది. వెళ్ళే ముందు రెండు రోజులు, వచ్చాక నాలుగు రోజులు ఏ పనీ పెట్టుకోకూడదని, కారులో వెనక సీటులో పడుకునే వెళ్ళాలని నాన్న, నేను అనుకున్నాము. చెవి ప్రేరణ ఎప్పుడైనా మొదలుపెడితే, దానికి ముందు నెల రోజుల లెక్క నా దగ్గర ఉండాలి కదా. అందుకని ఈ ఉదయం నుంచి ఒక నోటు పుస్తకంలో మూడే రాస్తున్నాను: నిలబడినప్పటి నాడి, పడుకుని గడిపిన గంటలు, పొయ్యి దగ్గర పాలు పొంగేదాకా నిలబడగలిగానా లేదా అన్నది. ఈ రోజు నిలబడలేకపోయాను. అదే రాశాను.